వ్యర్థమునకు మనము చెల్లించు కప్పము

(పట్టణ గ్రంథాలయమున చిన్న పరిశ్రమల యజమానులును, పనివారును, పాఠకులును కూడిన సభలో మేము గావించిన ప్రసంగపు పాఠము)



పూర్వము గెలిచిన రాజు ఓడిన రాజుపై కప్పము విధించుట వాడుక. పరప్రభుత్వము మన దేశముపై అట్టి కప్పమునే విధించి యేటేట సంపదను తరలించుకొనిపోవుచున్నదని దాదాభాయి నౌరోజీ మహాశయుడు 1901లో ప్రకటించిన తన గ్రంథమున లెక్కలతో నిరూపించెను. 1947లో ఆ ప్రభుత్వము తొలగినది. కాని మరియొక కప్పము నేటికిని తొలగలేదు. దానిని విధించిన రాజు లేడు, వసూలుచేయు తహశీలుదారు లేడు, రసీదు లేదు. మన మిల్లులలో, మన కార్ఖానాలలో, మన చేతులతో మనమే ప్రతిదినము దానిని చెల్లించుచున్నాము. దాని పేరు వ్యర్థము. నేడు మేము దానినిగూర్చియే నాలుగు మాటలు మనవి చేయదలచితిమి.

వ్యర్థమనగానే మనకు చీపురుతో ఊడ్చి బయట పారవేయు చెత్త స్ఫురించును. చెత్త కంటికి కనిపించును గనుక దానితో పెద్ద చిక్కు లేదు. కనుపింపనిదే మన లాభమును తినివేయుచున్నది. యజమానికి సంవత్సరాంతమున లెక్క చూచుకొనునప్పుడు లాభము తగ్గినదని మాత్రము తెలియును. ఎచట తగ్గినదో తెలియదు. కరెంటు చార్జీ తన చేతిలో లేదు. సరకు ధర తన చేతిలో లేదు. పోటీదారు తన మాట వినడు. ఇక తన చేతిలో మిగిలినది పనివాని కూలి యొక్కటే. ఉరుము ఉరిమి మంగలము మీద పడినట్లు, ఎచటనో జరిగిన నష్టము వచ్చి పనివాని నెత్తిపై పడుచున్నది. ఇది అన్యాయమని మాత్రమే మేము చెప్పుట లేదు. ఇది లెక్క తెలియనితనమని కూడ చెప్పుచున్నాము.

మన ప్రాంతమున అందరికిని తెలిసిన పరిశ్రమనే తీసికొందము. కృష్ణా గోదావరీ మండలములలో బియ్యపు మిల్లు లేని ఊరు అరుదు. కొంతకాలము క్రిందట మేమొక మిల్లును చూడబోయితిమి. దాని పేరు, ఊరి పేరు ఇచట అనవసరము. యజమాని మంచివాడే; మర్యాద తెలిసినవాడే. ఆ సంవత్సరము బియ్యములో నూకల పాలు మిక్కుటముగా నున్నదని, పాలిషు యంత్రము కడ నున్న పనివాడు ఒత్తిడి సరిగా చూచుకొనకపోవుటయే దానికి కారణమని తలచి, ఆతని జీతమునుండి కొంత కోతపెట్టెను. మా యెదుటనే ఆతనిని పిలిచి మరల మందలించెను. ఆ వృద్ధుడు మారుమాటాడక, పక్కనున్న బస్తానుండి గుప్పెడు వడ్లు తీసి, అరచేతుల నడుమ నులిమి పొట్టు ఊదివేసి, మిగిలిన గింజను విద్యుద్దీపమునకు అడ్డముగ పట్టి చూపెను. గింజకు అడ్డముగా వెండ్రుకవంటి సన్నని పగులు కనుపించెను. మరియొక గింజ, దానికిని పగులే. అప్పుడాతడు, "అయ్యగారూ, ఇది మిషన్లో విరగలేదండి. బస్తాలోనే విరిగొచ్చిందండి" అనెను.

ఆ మాటలోని సత్యమును మేము తరువాత విచారించి గ్రహించితిమి. కోతయంత్రముతో కోసిన ధాన్యములో తేమ నూటికి ఇరువదికి పైబడి యుండుట సామాన్యము. పచ్చిబియ్యము ఆడించుటకు తేమ పదమూడు, పదునాలుగు పాళ్లకు దిగవలెను. ఆ తేమను మెల్లగా దింపినచో గింజ గట్టిగా నిలుచును. మండుటెండలో తారురోడ్డుపై పలుచగా పరచి ఒక్కపూటలో ఎండబెట్టినచో గింజ పైభాగము ముందు ఎండి, లోపల తేమ మిగిలి, ఆ లాగుడుకు గింజ పగులును. ఎండిన గింజపై మంచు పడినను, జల్లు పడినను మరల పగులును. పగిలిన గింజ పొట్టు చాటున నున్నంతవరకు ఎవరికిని కనుపింపదు. పొట్టు తీయు రబ్బరు రోలర్ల నడుమనో, పాలిషు యంత్రమునందో రెండు ముక్కలగును. నేరము ఒకచోట, శిక్ష మరియొకచోట.

అంతటితో మేము విడువలేదు. రైతు ఎందులకట్లు ఎండబెట్టెను? తేమ యెంత యున్నదో ఆ మిల్లులో కొలుచువారు లేరు గనుక. ఏల కొలువరు? తేమను కొలుచు యంత్రము పాడయి అలమరలో పడియున్నది గనుక. ఏల బాగుచేయింపలేదు? చేతితో పట్టి, పంటితో కొరికి ధాన్యము విలువ కట్టుట గుమాస్తాకు అలవాటు గనుక. నిదానముగా ఎండబెట్టి గట్టిగింజ తెచ్చిన రైతుకును, రోడ్డుపై ఎండబెట్టి పగులుగింజ తెచ్చిన రైతుకును ఒకే ధర గనుక, నిదానించుటకు ఎవనికిని పనిలేకపోయెను. ఇట్లు ఒకదానివెనుక నొకటిగా "ఏల?" అని ప్రశ్నించుచు పోగా, నూకలకు మూలము పాలిషు యంత్రము కడ గాక, యజమాని స్వయముగ కూర్చుండు కొనుగోలు బల్ల కడ కనుపించెను. కోతపడిన జీతము మాత్రము పనివానిది!

ఇక లెక్క చూడుడు. గంటకు 2 టన్నుల ధాన్యము ఆడించు మిల్లు దినమునకు 16 గంటలు, సంవత్సరమునకు 300 దినములు నడచినదనుకొందము. మొత్తము 9,600 టన్నుల ధాన్యము. అందులో నూటికి ఒక్క పాలు నూకగా పోవలసినది నిండుగింజగా నిలిచినచో, అది 96 టన్నులు. నిండుబియ్యమునకును నూకకును కిలోకు 15 రూపాయల తేడా యున్నదనుకొన్నచో, సంవత్సరమునకు 14 లక్షల 40 వేల రూపాయలు. ఇక యజమాని పదిమంది పనివారికి నెలకు వేయి రూపాయల చొప్పున కూలి తగ్గించెననుకొందము. సంవత్సరమునకు మిగులునది 1 లక్ష 20 వేలు. పన్నెండవ వంతు! ఆ పన్నెండవ వంతుకొరకు పదికుటుంబముల కడుపు కొట్టి, పదిమంది మనసు విరిచి, తక్కిన పదకొండు వంతులను ఎచటనున్నవో చూపగల కన్నులను ఆ యజమాని తనంతట తానే మూసివేయుచున్నాడు.

మహాశయులారా, ఈ విషయమును లోకమునకెల్ల నేర్పినది జపాను దేశము. ఆ కథను కొంత చెప్పవలసియున్నది. 1867లో ఒక వడ్రంగి ఇంట పుట్టిన సాకిచి టొయోడా యనునాతడు మగ్గములను బాగుచేయుటయే జీవితవ్రతముగ పెట్టుకొనెను. 1924లో పూర్తియైన ఆతని స్వయంచాలక మగ్గమునందు, దారము తెగినతోడనే మగ్గము తనంతట తానే ఆగిపోవును. తెగిన దారముతో నేత సాగి గుడ్డ చెడుట లేదు; దారము తెగునేమోయని ఒక్కొక మగ్గము కడ ఒక్కొక మనుష్యుడు కాపలా కాయుటయు లేదు. 1929లో ఆ మగ్గపు పేటెంటు హక్కులను ఇంగ్లండులోని ప్లాట్ బ్రదర్స్ కంపెనీవారు కొనిరి. లాంకషైరు మరగుడ్డ వచ్చి మన సాలెవారి మగ్గములను మూలబెట్టిన సంగతి మనకు తెలియును. ఆ లాంకషైరు మరలను చేసిన కంపెనీయే ఒక ప్రాచ్యదేశపు వడ్రంగికొడుకు కడకు చేయిచాచవలసివచ్చినది. తప్పు జరిగినప్పుడు ఆగుటయే గొప్ప పొదుపని గ్రహించుట ఆతని విజయమునకు మూలము.

ఆతని కుమారుడు కీచిరో 1937లో టొయోటా మోటారు కంపెనీని స్థాపించెను. యుద్ధానంతరము జపానులో డబ్బు బిగిసిపోయి, 1949లో మోటారులు అమ్ముడుపోక, కంపెనీ దివాలా అంచునకు వచ్చెను. 1950లో జీతములలో కోతయు, పనివారి తొలగింపును, సమ్మెయు సంభవించెను. పనివారిని తొలగింపనని మాట యిచ్చిన కీచిరో ఆ మాట నిలుపుకొనలేక అధ్యక్షపదవికి రాజీనామా ఇచ్చెను. అప్పు ఇచ్చిన బ్యాంకులవారు అమ్మగలిగినన్ని బండ్లు మాత్రమే తయారుచేయవలెనని షరతు పెట్టిరి. ఆ కష్టకాలమునందు టైచి ఓనో యను ఇంజనీరు కర్మాగారములో పట్టినపట్టు విడువక చేసిన కృషిఫలమే నేడు లోకమంతట పేరుగాంచిన టొయోటా పద్ధతి. జపాను భాషలో వ్యర్థమును "ముడా" అందురు. ఓనో ఆ ముడాను ఏడు విధములుగ విభజించెను. ఆ యేడింటిని మన మిల్లునకు అన్వయించి చెప్పెదము.

మొదటిది, అక్కరకు మించి తయారుచేయుట. ఏడింటిలో ఇదియే మహాపాపమని ఓనో తలంచెను; ఏలయన తక్కిన వ్యర్థములను ఇది తన చాటున దాచును. కొనువాడు లేని రకపు బియ్యమును యంత్రము ఖాళీగా నుండరాదని ఆడించి పేర్చుట ఇట్టిది. రెండవది, ఎదురుచూపు. లారీ రానందున హమాలీలు కూర్చుండుట, బెల్టు తెగగా మరియొక బెల్టు పట్టణమునుండి వచ్చువరకు మిల్లు ఆగుట. మూడవది, సరకును ఊరక మోయుట. ఒకే బస్తాను దించి, జరిపి, మరల ఎత్తి, మరల దించినచో కూలి నాలుగు మారులు ఇచ్చితిమి. బస్తా విలువ ఒక్క పైసా పెరుగలేదు. నాలుగవది, అక్కరకు మించిన పని. ఐదవది, ప్రయోజనము లేని నిలువ. ఆరవది, మనుష్యుని అనవసరపు కదలిక. పానా కొరకు దినమునకు పదిమారులు మిల్లు ఆ కొననుండి ఈ కొనకు నడచుట వంటిది. ఏడవది, చెడిన సరకు; ఆ నూకల కథ దీనిలోనిది.

నాలుగవదానిని గూర్చి ఒక్కమాట. బియ్యమును తెల్లగా మెరయునంతవరకు పాలిషు పట్టుట మనము గొప్పగ నెంచుచున్నాము. పాలిషు పట్టినకొలది కరెంటు ఖర్చగును, గింజ వేడెక్కి విరుగును, తూకము తగ్గును. పోవునది తూకమొక్కటే కాదు. గింజ పైపొరలోని విటమిను పోయిన తెల్లబియ్యమునే నమ్ముకొన్న ఉత్తరసర్కారు జిల్లాలలో గడచిన శతాబ్దపు తొలిదశలలో బెరిబెరి వ్యాధి వ్యాపించియుండెను. కూనూరు పరిశోధనాలయమున మెకారిసన్ వైద్యుడు బియ్యమునకును ఆ వ్యాధికిని గల సంబంధమును పరిశోధించెను. 1934లో గాంధీమహాత్ముని ప్రేరణమున వార్ధాలో ఏర్పడిన అఖిలభారత గ్రామపరిశ్రమల సంఘము దంపుడుబియ్యమును ప్రచారము చేయుటకు ఒక కారణమిదియే. డబ్బు ఖర్చుపెట్టి ఆహారములోని సారమును తీసివేయుటకంటె మించిన వ్యర్థమేమున్నది? ఊకదంపుడను మాట మన భాషలోనే యున్నది. ఇది అంతకును మించినది.

మిల్లునుండి వెడలునదంతయు చెత్త కాదని కూడ గ్రహింపవలెను. నూరు కిలోల ధాన్యములో సుమారు 20 కిలోలు ఊక, 8 కిలోలు తవుడు. ఊక బాయిలరునకును ఇటుకబట్టీకిని వంటచెరకు. దాని బూడిదలో అధికభాగము సిలికా. తవుడులో నూటికి 15 మొదలు 20 పాళ్లవరకు నూనె యుండును. కాని మరనుండి వెడలినతోడనే తవుడు చెడనారంభించును. దానియందలి ఒక రసాయనము నూనెను విరుగగొట్టి పులిసిపోవునట్లు చేయును. ఒకటి రెండు దినములలో నూనె తీయు మిల్లునకు పంపినచో, లేదా ఆవిరితో వేడిచేసి ఆ చెడుటను నిలిపినచో వంటనూనెకు పనికివచ్చును. లారీ నిండలేదని మూలనుంచినచో తక్కువ ధరకు పోవును. పాత హల్లరు మిల్లులలో ఊకయు తవుడును కలిసిపోయి రెండును రెంటికి చెడుచుండెను. వేరుచేయుటయే అచట సంపాదన.

ఇచట కొందరు ఆక్షేపింతురు: "జపానులో సరకు నిలువ చేయవద్దందురు. మనకు ధాన్యము సార్వాకు, దాళ్వాకు రెండుమారులే వచ్చును. నిలువ చేయక ఎట్లు?" ఈ ఆక్షేపణ న్యాయమైనది. పరదేశపు మాటను పంచాంగమువలె పఠింపవలెనని మేము చెప్పము. 2011లో జపానులో భూకంపమును ఉప్పెనయు వచ్చినప్పుడు విడిభాగములు అందక ఆ టొయోటా కర్మాగారములే ఆగిపోయినవి. పిమ్మట వారును కొన్ని ముఖ్యభాగములను నిలువ చేసికొనుట మేలని గ్రహించిరి. కారణము తెలిసి చేసిన నిలువ జాగ్రత్త. కారణము తెలియక పేరుకొన్నది వ్యర్థము. ఎన్నినాళ్లకు ఎంత కావలెనో లెక్కించి, ఎలుకయు పురుగును తేమయు చేరకుండ కాపాడినచో ఆ నిలువయే రైతునకును మనకును రక్ష.

రెండవ ఆక్షేపణ పనివారినుండి వచ్చును. అది మరింత బరువైనది. "వ్యర్థమును తగ్గించుటయన మాచేత ఇంకను వేగముగ పనిచేయించుట, ఆపై మాలో కొందరిని ఇంటికి పంపుట" అని వారు శంకింతురు. ఈ శంక గాలిలోనుండి పుట్టలేదు. సతోషి కమాతా యను జపాను రచయిత టొయోటా కర్మాగారమున తాత్కాలికపు కూలివానిగా చేరి, అచటి పనివేగమునకు మనుష్యుడు ఎట్లు నలిగిపోవునో 1973లో గ్రంథముగ ప్రకటించెను. కావున మేము ఒక హద్దు గీచుచున్నాము. పనివాని కాళ్లకు అనవసరపు నడక తప్పించుట వ్యర్థనివారణ. ఆతని ఊపిరికి విశ్రాంతి తప్పించుట దోపిడి. ఈ రెంటికిని పేరు ఒకటే పెట్టిననాడు పనివాడు చూచినది చెప్పడు, దాచును. దాచిన తప్పు పెరుగును.

టొయోటావారును ఈ పాఠమును కష్టపడియే నేర్చిరి. 1950లో సమ్మె జరిగిన పిమ్మట, 1951లో, అమెరికాలోని ఫోర్డు కర్మాగారమున చూచివచ్చిన పద్ధతి ననుసరించి, పనివారి సూచనలను స్వీకరించు ఏర్పాటు చేసిరి. 1962లో యాజమాన్యమును కార్మికసంఘమును కలిసి పరస్పరవిశ్వాస ప్రకటన చేసిరి. తప్పు కనుపించినప్పుడు త్రాడు లాగి పనివరుసను ఆపు అధికారము సామాన్యపు పనివానికి అచట లభించెను. మన మిల్లులలో ఆపినవానికి లభించునది చీవాట్లు. సాకిచి మగ్గమునకు దారము తెగినప్పుడు ఆగు తెలివి నేర్పెను. మనము తెలివిగల మనుష్యునికి ఆగవద్దని నేర్పుచున్నాము.

ఇక చేయవలసినదేమి? పెద్ద పెట్టుబడి అక్కరలేని నాలుగు పనులను మనవి చేసెదము.

ఒకటి: కొలువుడు. వచ్చిన ధాన్యము, దాని తేమ, వెడలిన నిండుబియ్యము, నూక, తవుడు, ఊక, కాలిన కరెంటు యూనిట్లు దినదినము ఒక పుస్తకములో వ్రాసి, పనివారందరు చూచుచోట గోడపై వ్రేలాడదీయుడు. ప్రభుత్వపు ధాన్యము ఆడించువారు నూటికి 67 కిలోల పచ్చిబియ్యము అప్పగింపవలెనను నియమమును ఎరుగుదురు. కాని ఏ దినమున, ఏ వాటమున ఎంత వచ్చినదో ఎరిగినవారు కొందరే.

రెండు: నిలుచుండి చూడుడు. ఓనో తన క్రింది ఉద్యోగులను నేలపై సుద్దతో గీచిన వలయములో గంటలకొలది నిలిపి, చూచుచుండుమనెడివాడని చెప్పుదురు. యజమాని గద్దెపైనుండి దిగి వారమునకొక్క గంట యంత్రముల నడుమ మౌనముగ నిలుచుండినచో, సంవత్సరపు జమాఖర్చు చెప్పనిది ఆ గంట చెప్పును. రాత్రి మిల్లు ఆగిన పిదప చెవియొగ్గి వినుడు. రంగుగింజల నేరు యంత్రమునకు గాలి నందించు గొట్టములు బుసకొట్టుచుండినచో ఆ బుసయే మీ కరెంటు బిల్లు.

మూడు: "ఎవడు?" అని అడుగుటకు ముందు "ఏల?" అని అడుగుడు. ఎవడని అడిగినచో ఒక మనుష్యుడు దొరకును. తప్పు మాత్రము అచటనే యుండును. ఏలయని అయిదుమారులు అడిగినచో తప్పు దొరకును.

నాలుగు: మిగిలినదానిని పంచుడు. వ్యర్థము తగ్గుటవలన ఎవని పని పోదని ముందుగా మాట యిచ్చి, నిలిచిన సొమ్ములో పనివానికొక భాగము, గట్టిగింజ తెచ్చిన రైతునకు ధరలో కొంత హెచ్చు ఇయ్యుడు. దంపినమ్మకు బొక్కినదే కూలి యను సామెత మన తల్లులు రోటికడ అనుభవించిన బాధనుండి పుట్టినది. మరలు వచ్చిన యుగమునను ఆ సామెత నిజమగుచుండుట మనకు గౌరవము కాదు.

స్వదేశీ యనగా మన దేశపు వస్తువును కొనుడని ప్రజలను కోరుట మాత్రమే కాదు. కొనదగిన వస్తువును, నష్టము లేకుండ, న్యాయమైన ధరకు, చేసినవానికి న్యాయమైన కూలి యిచ్చి తయారుచేయుట అందులో సగము. ఆ సగము యజమానుల బాధ్యత. పొలమున నీరు, రైతు చెమట, భూమి సారము, బొగ్గు, కరెంటు కలిసి గింజయైనవి. ఆ గింజ మన నిర్లక్ష్యమువలన విరిగినచో విరిగినది యజమాని లాభమొక్కటే కాదు.

మేము చూచిన మిల్లు సంగతి చెప్పి ముగించెదము. తేమకొలుచు యంత్రము బాగుపడి ఇప్పుడు కొనుగోలు బల్లపై నున్నది. ఆరిన గింజకు ఒక ధర, తొందరపడి ఎండబెట్టిన గింజకు ఒక ధర ఏర్పడినవి. ఆ వృద్ధునికి కోసిన జీతమును యజమాని తిరిగి ఇచ్చెను. తిరిగి ఇచ్చుట సులభమే. నలుగురిలో పిలిచి, "పొరపాటు నాదే" అని చెప్పుట కష్టము. ఆతడు ఆ మాటయు చెప్పెను. నాటినుండి ఆ మిల్లులో పనివారు తాము చూచినది చెప్పుచున్నారు. కప్పము కట్టుట మానిన దినము అదియేయని మేము తలంచుచున్నాము. ఈ సభలోనున్న యజమానులు రేపు ఉదయము మిల్లు తలుపు తెరచినతోడనే ఒక్క పనివానిని పిలిచి, "ఇచట వృథాగా పోవుచున్నదేమి?" అని అడిగి, సమాధానము పూర్తియగువరకు వినవలసినదిగ ప్రార్థించుచు విరమించుచున్నాము.